అమెరికా అధ్యక్షుడు హద్దు దాటితే కాంగ్రెస్ ఏం చేయగలదు? తరచుగా అడిగే ప్రశ్నలు

2025లో టారిఫ్‌ల వార్తలు, హెచ్‌-1బి ఫీజు వార్తలు మొదలైన దగ్గర్నుంచి మన తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతోంది: ఒక్క మనిషి సంతకంతో ఇదంతా ఎలా జరిగిపోతోంది, అక్కడ పార్లమెంటు లాంటిది లేదా అని. ఉంది. దాని పేరు కాంగ్రెస్ (మన పార్టీతో సంబంధం లేదు), అందులో 435 మంది ప్రతినిధుల సభ, 100 మంది సెనేట్. చాలామంది అడిగినవి, నన్ను ఎప్పటినుంచో తొలుస్తున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిక కావాలి.

రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు పెద్దా, కాంగ్రెస్ పెద్దా?

రాజ్యాంగం మొదటి అధికరణమే కాంగ్రెస్ గురించి. అధ్యక్షుడు రెండో అధికరణంలో వస్తాడు. పన్నులు, దిగుమతి సుంకాలు, విదేశీ వాణిజ్యం, పౌరసత్వ నియమాలు, యుద్ధ ప్రకటన, ఖజానా నుంచి పైసా తీయాలన్నా చట్టం చేయడం, ఇవన్నీ కాంగ్రెస్‌కే ఇచ్చారు. అధ్యక్షుడి పని ఆ చట్టాలను నమ్మకంగా అమలు చేయడం, సైన్యాన్ని నడపడం, విదేశాంగ వ్యవహారాలు చూడడం, బిల్లు నచ్చకపోతే వీటో చేయడం. కాగితం మీద చూస్తే ఎవరి చేతిలో ఎక్కువ ఉందో ఎవరికైనా అర్థమవుతుంది.

మరి ఇన్ని పెద్ద పెద్ద పనులు ఒక్క సంతకంతో ఎలా చేస్తున్నారు?

అధ్యక్షుడు లాక్కున్నది కొంతే. చాలావరకు కాంగ్రెస్సే చట్టాలు చేసి ఇచ్చేసింది. ఈ సంగతి మన దగ్గర చర్చల్లో ఎక్కడా వినిపించదు, నాకు మాత్రం మొత్తం కథకు ఇదే కీలకం అనిపిస్తుంది.

హెచ్‌-1బి సంగతే తీసుకోండి. 2025 సెప్టెంబరు 19న, శుక్రవారం, కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చింది. ఆదివారం తెల్లారేలోపు అమల్లోకి వస్తుందన్నారు. ఇండియాకి సెలవు మీద వచ్చినవాళ్లకు కంపెనీల నుంచి వెంటనే తిరిగి రమ్మని మెయిళ్లు, విమానం టికెట్ల కోసం పరుగులు, అప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని మర్నాటికి గానీ స్పష్టత రాలేదు, ఆ ఒక్క రాత్రి ఎన్ని ఇళ్లలో ఎంత టెన్షనో. ఆ ప్రకటనకు ఆధారం 1952 నాటి వలస చట్టంలోని 212(ఎఫ్) సెక్షను. దేశ ప్రయోజనాలకు నష్టమనుకుంటే ఏ వర్గం విదేశీయుల ప్రవేశాన్నైనా అధ్యక్షుడు ఆపవచ్చని అందులో రాశారు. ఎంతకాలం, ఎలాంటి షరతులతో అన్నది కూడా ఆయనకే వదిలేశారు. 2018లో, కొన్ని దేశాలవాళ్ల రాకను ట్రంప్ నిషేధించిన ట్రావెల్ బ్యాన్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో ఆ సెక్షను చాలా విశాలమైనదే అని తేల్చింది. అంటే 1952లో ఓటేసిన సభ్యులు రాసిన ఒక వాక్యం మీద, 73 ఏళ్ల తర్వాత గుంటూరులో సెలవు గడుపుతున్న ఇంజినీరు తిరుగు ప్రయాణం ఆధారపడింది.

ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చు కదా?

తీసుకోవచ్చు. కానీ ఎంత కష్టమో తెలియాలంటే జగదీష్ రాయ్ చద్దా కేసు తెలుసుకోవాలి.

చద్దా కెన్యాలో పుట్టిన భారతీయ సంతతి మనిషి. బ్రిటిష్ పాస్‌పోర్టు మీద ఒహాయోకి చదువుకోవడానికి వచ్చాడు. 1972లో స్టూడెంట్ వీసా గడువు అయిపోయింది. కెన్యా తన పౌరుడిగా గుర్తించలేదు. పంపించేస్తే తీవ్రమైన కష్టాల్లో పడతాడని ఇమిగ్రేషన్ జడ్జి దేశబహిష్కరణను నిలిపేశాడు. అయితే అప్పటి చట్టం ప్రకారం అలా ఊరట దొరికినవాళ్ల జాబితా కాంగ్రెస్‌కి వెళ్లాలి, రెండు సభల్లో ఏ ఒక్కటి కాదన్నా ఆ ఊరట రద్దు. 1975 డిసెంబరులో ప్రతినిధుల సభ 340 మంది జాబితాలోంచి ఆరుగురి పేర్లు కొట్టేసింది, అందులో చద్దా ఒకడు. సభలో చర్చ జరగలేదు, ఎవరు ఎటు ఓటేశారో నమోదూ కాలేదు. చద్దా కోర్టుకెళ్లాడు. 1983లో సుప్రీంకోర్టు 7-2తో అతని పక్షాన తీర్పిచ్చింది. కాంగ్రెస్ ఏం చేయాలన్నా రెండు సభలూ ఆమోదించి అధ్యక్షుడి ముందుకు పంపాల్సిందే, ఒక సభ మాట మీద ఏదీ రద్దు కాదు అని చెప్పింది.

చద్దాకి న్యాయం జరిగింది, అందులో సందేహం లేదు. కానీ ఆ తీర్పుతో పాటు మరో పెద్ద మార్పు జరిగిపోయింది. ఇలాంటి 'శాసన వీటో' అప్పటికి రెండు వందలకు దగ్గరగా చట్టాల్లో ఉంది. అధ్యక్షుడికి అధికారం ఇచ్చిన ప్రతిసారీ, దుర్వినియోగం చేస్తే మెజారిటీ ఓటుతో ఆపేస్తాం అని కాంగ్రెస్ ఒక పగ్గం చేతిలో ఉంచుకునేది. కోర్టు పగ్గాన్ని కోసేసింది, ఇచ్చిన అధికారం మాత్రం అధ్యక్షుడి దగ్గరే ఉండిపోయింది. అధ్యక్షుడు ఎమర్జెన్సీ ప్రకటించి అదనపు అధికారాలు వాడుకోవడం గురించిన 1976 నాటి జాతీయ అత్యయిక పరిస్థితుల చట్టమే చూడండి, ఆ తీర్పుకు ముందు అధ్యక్షుడి సంతకం అక్కర్లేకుండానే రెండు సభలూ కలిసి ఎమర్జెన్సీని ముగించగలిగేవి. 1985లో దాన్ని మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ తీర్మానం కూడా సంతకానికి వెళ్తుంది, ఆయన వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి. అందరూ ఓటేస్తే ప్రతినిధుల సభలో 290, సెనేట్లో 67. ఎవరు ఓట్లు కూడగట్టాలి అన్న బరువు అధ్యక్షుడి మీంచి సభ మీదికి మారింది.

అలా వీటో అయిన సందర్భం నిజంగా ఉందా?

ఉంది. మెక్సికో సరిహద్దు గోడకు ట్రంప్ 5.7 బిలియన్ డాలర్లు అడిగారు. 35 రోజులు ప్రభుత్వం మూతపడ్డాక కాంగ్రెస్ 1.375 బిలియన్లు ఇచ్చింది. 2019 ఫిబ్రవరి 15న ఆయన ఎమర్జెన్సీ ప్రకటించి మిలిటరీ నిర్మాణాల నిధులు మళ్లించారు. ప్రతినిధుల సభ 245-182తో, సెనేట్ 59-41తో ఆ ఎమర్జెన్సీని రద్దు చేయాలని తీర్మానించాయి. సెనేట్ అప్పుడు ఆయన పార్టీ చేతిలోనే ఉంది, అయినా 12 మంది రిపబ్లికన్లు ఎదురు ఓటేశారు. ఆయన వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చడానికి సభలో 248 ఓట్లే వచ్చాయి. కాంగ్రెస్ ఇవ్వనన్న డబ్బు, రెండు సభల మెజారిటీ వద్దన్న తర్వాత కూడా ఖర్చయింది. నన్నడిగితే ఈ మొత్తం పేజీలో అన్నిటికన్నా ఆందోళన పడాల్సిన సంగతి ఇదే.

టారిఫ్‌ల విషయంలో కాంగ్రెస్ ఎందుకు నోరు మెదపలేదు?

సెనేట్ మెదిపింది. 2025 ఏప్రిల్లో కెనడా సుంకాలకు ఆధారమైన ఎమర్జెన్సీని రద్దు చేయాలని 51-48తో, అక్టోబరులో ప్రపంచ దేశాలపై వేసిన సుంకాలకు వ్యతిరేకంగా 51-47తో తీర్మానాలు నెగ్గాయి. ప్రతినిధుల సభలో జరిగింది వేరు. ఎమర్జెన్సీ రద్దు తీర్మానం ఎవరైనా పెడితే 15 క్యాలెండర్ రోజుల్లో కమిటీ తేల్చాలి, ఆ తర్వాత ఓటింగు తప్పదు, చట్టంలో ఆ గడియారం ఉంది. 2025 మార్చి 11న సభ నాయకత్వం ఒక నిబంధన పాస్ చేయించింది: ఈ సెషన్లో మిగిలిన ఏ రోజూ ఆ ఎమర్జెన్సీ విషయంలో 'క్యాలెండర్ రోజు' కిందికి రాదు అని. అంతే, గడియారం ఆగిపోయింది. ఏప్రిల్లో మిగతా దేశాల సుంకాలకూ కొన్ని నెలలపాటు ఇలాంటి అడ్డుకట్టే వేశారు. టారిఫ్‌లు మంచివే అని నమ్మితే ధైర్యంగా అవునని ఓటెయ్యొచ్చు, చెడ్డవనుకుంటే కాదనొచ్చు. ఏ ఓటూ వెయ్యకుండా తప్పించుకోవడం కోసం రోజుల లెక్కనే రద్దు చేసుకోవడం చట్టసభ చేయాల్సిన పని కానే కాదు.

దీని దెబ్బ మన దాకా వచ్చింది. 2025 ఆగస్టు 27 నుంచి భారత్ సరుకులో చాలావాటి మీద సుంకం 50 శాతానికి చేరింది, రొయ్యల మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం దానికి అదనం. మన దేశం నుంచి అమెరికా వెళ్లే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రాది. భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధరలు) పడిపోయాయి. మేత ధర తగ్గలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు, పట్టుబడికి వచ్చిన రొయ్యని దాచుకునే వీలూ లేదు.

ఆ టారిఫ్‌లు చట్టబద్ధమేనా?

ఆధారంగా చూపింది 1977 నాటి అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. అందులో దిగుమతులను 'నియంత్రించవచ్చు' అని ఉంది కానీ సుంకం అన్న మాటే లేదు. కింది కోర్టులు కాదన్నాయి, 2026 ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు కూడా 6-3తో ఆ చట్టం సుంకాలు వేసే అధికారం ఇవ్వదని తేల్చింది.

అంటే కోర్టులు చూసుకుంటాయి కదా, కాంగ్రెస్ లేకపోయినా?

కోర్టుకి టైమ్ పడుతుంది. పై కేసులో తుది తీర్పు వచ్చేసరికి దాదాపు ఏడాది సుంకాలు వసూలయ్యాయి. పైగా కాంగ్రెస్ ఏమందో చూసే కోర్టు తూకం వేస్తుంది. 1952లో, కొరియా యుద్ధం నడుస్తుండగా, సమ్మె వస్తే ఉక్కు ఆగిపోతుందని అధ్యక్షుడు ట్రూమన్ స్టీలు మిల్లులను ప్రభుత్వ స్వాధీనం చేసుకున్నారు. రెండు నెలలు తిరక్కుండా సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. ఆ తీర్పులో జస్టిస్ జాక్సన్ చెప్పిన లెక్క ఇప్పటికీ ప్రతి కేసులో వస్తుంది: కాంగ్రెస్ ఒప్పుకుంటే అధ్యక్షుడి బలం గరిష్ఠం, కాంగ్రెస్ మౌనంగా ఉంటే మసక, కాంగ్రెస్ కాదంటే బలం కనిష్ఠం. 1947లో కార్మిక చట్టం చేసేటప్పుడు ఇలా స్వాధీనం చేసుకునే అధికారం ఇవ్వాలా వద్దా అని కాంగ్రెస్ ఆలోచించి వద్దనుకుంది, ఆ 'వద్దు' ట్రూమన్‌కి అడ్డొచ్చింది. ఈ రోజు కాంగ్రెస్ నోరు మూసుకుని కూర్చుంటే రేపు కోర్టుకి పట్టుకోవడానికి అలాంటి ఆధారం ఏదీ దొరకదు.

డబ్బు మంజూరు కాంగ్రెస్‌దే కదా, అక్కడ పట్టు బిగించొచ్చుగా?

అన్నిటికన్నా బలమైన ఆయుధం అదే. అందుకే గొడవలూ అక్కడే. 1970ల మొదట్లో అధ్యక్షుడిగా ఉన్న నిక్సన్ తనకు నచ్చని పథకాలకు, ముఖ్యంగా తన వీటోని తోసిపుచ్చి కాంగ్రెస్ తెచ్చిన నీటి కాలుష్య నివారణ పథకానికి, మంజూరైన డబ్బు విడుదల చేయకుండా ఆపారు. దానికి జవాబుగా 1974లో నిధుల నిలిపివేత నియంత్రణ చట్టం వచ్చింది. డబ్బు వద్దనుకుంటే అధ్యక్షుడు కాంగ్రెస్‌ని అడగాలి, సభలు సమావేశాల్లో ఉన్న 45 రోజుల్లో ఒప్పుకోకపోతే ఖర్చు పెట్టాల్సిందే.

దానికీ సందు వెతికారు. ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. 2025 ఆగస్టు చివర్లో 4.9 బిలియన్ డాలర్ల విదేశీ సాయం రద్దు చేయమని అడిగారు, 45 రోజులు పూర్తయ్యేలోపే సంవత్సరం అయిపోయి డబ్బు మురిగిపోయేలా. సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు అందులో దాదాపు 4 బిలియన్లు ఆపి ఉంచడానికి తాత్కాలికంగా అనుమతించింది. మంజూరు చేసినవాళ్ల మాట చెల్లకుండా పోయింది.

యుద్ధాలు?

అమెరికా చివరిసారి అధికారికంగా యుద్ధం ప్రకటించింది 1942లో. ఆ తర్వాత కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్తాన్ ఏ ఒక్కటీ ప్రకటించిన యుద్ధం కాదు. వియత్నాంకి దారితీసిన 1964 టాంకిన్ తీర్మానం సభలో 416-0, సెనేట్లో 88-2. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత బలప్రయోగానికి అనుమతి సెనేట్లో 98-0, సభలో 420-1, ఆ ఒక్కరూ కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ. ఆమెకి బెదిరింపులు వచ్చాయి, రక్షణ పెట్టాల్సి వచ్చింది. అరవై పదాల ఆ అనుమతిని తర్వాతి అధ్యక్షులు రెండు దశాబ్దాలు ఎన్నో దేశాల్లో వాడారు.

1973 యుద్ధాధికారాల తీర్మానం నిక్సన్ వీటోని తోసిరాజని వచ్చింది: 48 గంటల్లో కాంగ్రెస్‌కి చెప్పాలి, అనుమతి లేకపోతే 60 రోజుల్లో ముగించాలి, వెనక్కి రావడానికి ఇంకో 30. ఒబామా 2011లో లిబియాలో 60 రోజులు దాటించి, ఇది చట్టం చెప్పే 'సాయుధ ఘర్షణ' కిందికి రాదని వాదించారు. బాంబులు పడుతున్నప్పుడు ఆ వాదన నాకు మింగుడుపడలేదు. 2019లో యెమెన్ యుద్ధానికి మద్దతు ఆపాలని రెండు సభలూ తీర్మానించాయి, ట్రంప్ వీటో చేశారు. 2025 జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాలపై దాడి తర్వాత అలాంటి తీర్మానమే సెనేట్లో 47-53తో వీగిపోయింది.

ఇదంతా ఒక పార్టీ మీద కోపంతో రాస్తున్నారా?

లేదు. లిబియా పైన రాశాను. బైడెన్ విద్యార్థి రుణాల మాఫీ, దాదాపు 400 బిలియన్ డాలర్లు, 2003లో సైనికుల కోసం ప్రధానంగా చేసిన చట్టాన్ని ఆధారం చేసుకుని ప్రకటించారు. 2023లో సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. రుణాలు మాఫీ కావాలని కోరుకున్నవాళ్లలో మన విద్యార్థుల కుటుంబాలూ ఉన్నాయి, ఆ కోరిక న్యాయమైనదే కావచ్చు, కానీ అంత డబ్బు నిర్ణయం కాంగ్రెస్ చేయాలి. మనకి నచ్చిన పనికి అడ్డదారి ఒప్పుకుంటే నచ్చని పనికి అదే దారి వాడినప్పుడు అడగడానికి మనకి మొహం ఉండదు.

అభిశంసన ఉంది కదా?

ప్రతినిధుల సభలో మామూలు మెజారిటీతో అభియోగం పెట్టొచ్చు. పదవి పోవాలంటే సెనేట్లో మూడింట రెండు వంతులు. ఆండ్రూ జాన్సన్ 1868లో ఒక్క ఓటు తేడాతో బయటపడ్డారు. క్లింటన్, రెండుసార్లు ట్రంప్, అందరూ నిర్దోషులుగానే మిగిలారు. 2021లో 57 మంది దోషి అన్నా 67 లేవు కాబట్టి చెల్లలేదు.

నిక్సన్ ఎందుకు దిగిపోయారంటే సొంత పార్టీ వదిలేసింది. ప్రత్యర్థి డెమొక్రాటిక్ పార్టీ ఆఫీసులో దొంగచాటుగా చొరబడిన వాటర్‌గేట్ వ్యవహారంపై విచారణ కమిటీని 1973లో సెనేట్ 77-0తో వేసింది. టీవీలో విచారణలు నెలల తరబడి నడిచాయి. ఆ జులైలో అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే మాజీ వైట్‌హౌస్ ఉద్యోగి అధ్యక్షుడి గదిలో మాటలన్నీ రికార్డవుతాయని చెప్పాడు, కేసు మొత్తం ఆ టేపుల చుట్టూ తిరిగింది. టేపులు ఇవ్వాల్సిందేనని 1974 జులై 24న సుప్రీంకోర్టు 8-0తో చెప్పింది. మూడు రోజులకి జ్యుడీషియరీ కమిటీలో మొదటి అభియోగం 27-11తో నెగ్గింది, ఆరుగురు రిపబ్లికన్లు కలిసి ఓటేశారు. ఆగస్టు 7న బారీ గోల్డ్‌వాటర్ సహా ముగ్గురు రిపబ్లికన్ నాయకులు వెళ్లి మీకు ఓట్లు లేవు అని మొహం మీదే చెప్పారు. ఆగస్టు 9న ఆయన వెళ్లిపోయారు.

వేరే దేశాల్లో ఇంతకన్నా నయంగా ఉందా?

దక్షిణ కొరియా చూడండి. 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటించారు. పార్లమెంటు పనులన్నీ నిషేధం అని ఉత్తర్వు వచ్చింది. పోలీసులు గేట్లు మూశారు, సైనికులు హెలికాప్టర్లలో దిగారు. సభ్యులు గోడలు ఎక్కి లోపలికి వెళ్లారు, అరవై ఏడేళ్ల స్పీకర్ వూ వోన్‌షిక్ కూడా కంచె దూకారు. సిబ్బంది తలుపులకు కుర్చీలు, సోఫాలు అడ్డం పెట్టి సైనికులను ఆపారు. రాత్రి ఒంటిగంటకి 190-0తో మార్షల్ లా ఎత్తేయమని తీర్మానం నెగ్గింది. అధ్యక్షుడి పార్టీవాళ్లే 18 మంది అందులో ఉన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఎత్తేశారు. డిసెంబరు 14న అభిశంసన, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం 8-0తో పదవి నుంచి తొలగించింది.

వాళ్ల ధైర్యానికి దండం పెట్టాల్సిందే, కానీ ధైర్యం ఒక్కటే సరిపోయేది కాదు. కొరియా రాజ్యాంగం 77వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో మెజారిటీ అడిగితే అధ్యక్షుడు మార్షల్ లా ఎత్తేసి తీరాలి. 300 మందిలో 151 చాలు. వీటో లేదు. అమెరికా లెక్క ఉండి ఉంటే మూడింట రెండు వంతుల కోసం ఆ రాత్రి ఇంకో పది మందిని వెతుక్కోవాల్సి వచ్చేది.

మన రాజ్యాంగంలో?

మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుస్తారు కాబట్టి పోలిక సూటిగా కుదరదు. అయినా 1975 ఎమర్జెన్సీ నేర్పిన పాఠంతో 1978లో 44వ సవరణ తెచ్చారు. ఎమర్జెన్సీని నెలలోపు రెండు సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించకపోతే అది చెల్లదు, ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం కావాలి, లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేకంగా సభ పెట్టాలి, మామూలు మెజారిటీ వద్దంటే రద్దు. ఓట్లు కూడగట్టే బరువు ప్రభుత్వం మీదే పెట్టారు. ఆర్డినెన్సుల విషయంలో మనకి ఇంకా చాలా దూరం ఉంది, అది వేరే పెద్ద కథ.

అమెరికాలో దీన్ని సరిచేసే దారేదైనా ఉందా?

ఉంది. అధ్యక్షుడికి ఇచ్చే ప్రతి అధికారానికీ గడువు పెట్టడం, గడువు లోపల కాంగ్రెస్ అవునంటేనే కొనసాగడం. ఇప్పటికే ఒక నమూనా ఉంది: 1974 వాణిజ్య చట్టం 122వ సెక్షను కింద 15 శాతం దాకా సుంకం వేయొచ్చు, కానీ 150 రోజులే, పొడిగించాలంటే కాంగ్రెస్ ఓటెయ్యాలి. ఎమర్జెన్సీలన్నీ 30 రోజుల్లో ముగిసిపోవాలని రిపబ్లికన్ సెనేటర్ మైక్ లీ 2019లో బిల్లు పెట్టారు. కొత్త సుంకాలను 60 రోజుల్లో కాంగ్రెస్ ఆమోదించకపోతే రద్దవ్వాలని 2025 ఏప్రిల్లో రిపబ్లికన్ చక్ గ్రాస్లీ, డెమొక్రాట్ మరియా కాంట్‌వెల్ కలిసి మరొకటి తెచ్చారు. అలాంటి బిల్లుల్లో ఇబ్బంది ఏంటంటే వాటినీ అధ్యక్షుడు వీటో చేయొచ్చు. కాబట్టి పాస్ కావాల్సిన సమయం సొంత పార్టీ అధ్యక్షుడు దిగిపోతూ, వచ్చేది ఎవరో తెలియని రోజుల్లో. ఇరాన్ మీద 1979లో కార్టర్ ప్రకటించిన ఎమర్జెన్సీ ఏడాదికోసారి పొడిగించుకుంటూ నాలుగు దశాబ్దాలు దాటిపోయింది. ఆరు నెలలకోసారి ప్రతి ఎమర్జెన్సీనీ సభలు పరిశీలించాలని చట్టంలో ఉన్న మాటను దాదాపు ఎవరూ పట్టించుకోలేదు, ముందు దాన్నయినా పాటించమని అడగాలి.

నేను అమెరికాలో ఉన్నాను, ఓటు లేదు. నా చేతిలో ఏముంది?

అనుకున్న దానికన్నా ఎక్కువే. జనాభా లెక్కల్లో పౌరులు కానివాళ్లనూ లెక్కపెట్టే ఆ నియోజకవర్గానికి సీటు ఇచ్చారు, కాబట్టి మీ ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. వీసా, గ్రీన్‌కార్డు ఫైలు ఎక్కడో ఇరుక్కుపోతే ఆ ఆఫీసులో కేసులు చూసేవాళ్లు ఉంటారు, సమాచారం పంచుకోవడానికి ఒప్పుకుంటూ ఒక ఫారం మీద సంతకం పెడితే మీ తరఫున ఏజెన్సీని అడుగుతారు. ఫోన్ చేసినప్పుడు ఊరికే బాధ చెప్పుకోకుండా ఫలానా తీర్మానం మీద మీరు ఎటు ఓటేశారు, ఓటింగుకి ఎందుకు రానివ్వలేదు అని అడగండి, వాళ్లు రాసుకుంటారు. పౌరసత్వం వచ్చిన బంధువులు, అక్కడే పుట్టి పద్దెనిమిది నిండిన పిల్లలు ఉంటే అధ్యక్ష ఎన్నికతో ఆగకుండా రెండేళ్లకోసారి వచ్చే ప్రతినిధుల సభ ఎన్నికకీ, అంతకుముందు పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీకీ వెళ్లమని చెప్పండి. ప్రైమరీలో ఓట్లేసేవాళ్లు తక్కువ, సభ్యులు ఎక్కువగా భయపడేది ఆ కొద్దిమందికే. ఒక్క జాగ్రత్త: గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఎన్నికల విరాళం ఇవ్వొచ్చు గానీ హెచ్‌-1బి, ఎఫ్‌-1 (స్టూడెంట్) వీసాల మీద ఉన్నవాళ్లు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, ఎవరు అడిగినా సరే.